సూర్యాపేట దారిలో దంతపు గాజులు

బెజవాడలో దుకాణాలకు బోర్డులు రాసుకునేవాడికి యాత్రా కథనం ఎందుకని మా వీధిలో అప్పుడే నవ్వులు మొదలయ్యాయి. నవ్వుకోనివ్వండి. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు గంగ గురించి రాస్తారు. నేను కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ చూసి వచ్చాను కనుక వాటి గురించే రాస్తాను. మాకు బస్సులో ఒక పూట ప్రయాణమే అయినా మావాళ్ళలో అటు వెళ్ళినవాళ్ళు తక్కువ. నైజాం ఏలుబడి పోయి ఇంకా ఏడాది కాలేదు. దారిలో గొడవలూ పూర్తిగా సద్దుమణగలేదు. బయలుదేరేముందు మా అమ్మ దిష్టి తీసి, "నీ పనేదో చూసుకుని వచ్చెయ్. అక్కడివాళ్ళ విషయాల్లో తలదూర్చకు" అని మరీ మరీ చెప్పింది. తలదూర్చాను. అందుకు ఇప్పటికీ సంతోషంగానే ఉంది.

నా పని చిన్నది. సూర్యాపేటలో ఒక బట్టల షావుకారు మా ఊరినుంచి సరుకు తెప్పించుకుంటాడు. అప్పటిదాకా అక్కడి బోర్డులన్నీ ఉర్దూలోనే ఉండేవట. ఇప్పుడు తెలుగు బోర్డు పెట్టించాలని ఆయనకు సరదా పుట్టింది. రంగు డబ్బాలు, కుంచెలు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

కోదాడ

జగ్గయ్యపేట దాటాక మన అక్షరాలు ఒక్కొక్కటే వెనకబడ్డాయి. కోదాడలో దిగి చూస్తే ఏ బోర్డు మీద చూసినా కుడినుంచి ఎడమకు పరుగెత్తే రాతే. రాత మాత్రం ముద్దొచ్చేలా ఉంది, ఆ ఒంపులు తిప్పిన చెయ్యి ఎవరిదో గానీ దండం పెట్టాలనిపించింది. కానీ ఏం లాభం, అక్షరాలు అమ్ముకుని బతికేవాణ్ణి దిగీదిగగానే నిరక్షరకుక్షినైపోయాను.

దాని ఫలితం వెంటనే అనుభవించాను. టీ తాగుదామని ఒక హోటలుకు పోయి, గోనెపట్టా తెర వేలాడుతున్న గది చల్లగా ఉంటుందని తొలగించుకుని లోపల కూర్చున్నాను. ఎదురుగా ముగ్గురాడవాళ్ళు సాసర్లు కింద పెట్టి ముఖాల మీదికి కొంగులు లాక్కున్నారు. హోటలాయన వచ్చి నన్ను రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు.

"పైన రాసి ఉన్నది గదా, ఆడోళ్ళ జాగ అని."

"నాకు ఆ రాత రాదండీ."

"రాత రాకుంటె రాకపాయె, తెర గూడ కనపడలేదా?"

అన్నాడు గానీ టీకి డబ్బులు తీసుకోలేదు. పొరుగు రాజ్యపు మనిషి, మొదటి టీ అన్నాడు. మన రూపాయి మార్చుకుంటే వాళ్ళ హాలీ రూపాయికి పైన ఇంకాస్త చిల్లర ఇస్తారు. అదీ నాకు బాగానే ఉంది.

భోజనానికి మాణిక్యమ్మగారి పూటకూళ్ళ ఇంటికి వెళ్ళాను. మనం గోంగూర అనేది వాళ్ళకు పుంటికూర. పేరు మారినా పులుపు మారలేదు. పప్పులో వేసి, పైన ఎండుమిరపకాయల పోపు పెట్టి, జొన్నరొట్టెతో పెట్టారు. రెండో రొట్టె తుంచుతున్నప్పుడు, వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్న ముసలామెను చూశాను. లంబాడీ మనిషి. అద్దాల రవిక, చెంపల మీదికి వేలాడే వెండి బిళ్ళలు, రెండు చేతులకూ దంతపు గాజులు. ముంజేతులకు కొన్ని, మోచేతుల పైన మరికొన్ని. ఎడమ చెయ్యి బాగా వాచి ఉంది.

సంగతి మాణిక్యమ్మగారు చెప్పారు. ఆ పొద్దున ఆలుమగలిద్దరూ బస్సుల అడ్డా దగ్గర ఉంటే ముసలాయన ఎండకు సొమ్మసిల్లి పడిపోయాడు. ఈమె నీళ్ళకని చెరువువైపు పోయింది. అప్పుడే సూర్యాపేట వెళ్ళే సర్కారు లారీ ఒకటి కనిపిస్తే, అక్కడున్నవాళ్ళు ముసలాయన్ను దవాఖానాకు చేర్చమని అందులో ఎక్కించి పంపించారు. ఈమె తిరిగి వచ్చి, కదిలిపోతున్న లారీ వెనక పరుగెత్తి, బోర్లా పడింది. ఆమెకు తెలుగు రాదు. ఉప్పు, నూనె, ఎంత, వద్దు, ఈ నాలుగు అంగడి మాటలు తప్ప.

"ముసలాయనకు ఏం కాలేదు బాబూ, కళ్ళు తెరిసి నీళ్ళు గూడా తాగిండు. ఆ సంగతి ఈమెకు ఎట్ల చెప్పాలె? పొద్దుగాల్నుంచి సైగలు చేస్తనే ఉన్నా" అన్నారు మాణిక్యమ్మగారు.

ఆ పూట ఇక సూర్యాపేట బస్సు లేక నేను అక్కడే ఉండిపోయాను. సాయంత్రం మాణిక్యమ్మగారు ముసలామెకు నూనె రాసి తలంటిపోశారు. తర్వాత వాచిన చెయ్యి చూసి, సబ్బు నురగ పట్టించి, మోచేతి పైని గాజులు ఒక్కొక్కటిగా జారుస్తూ తీయడం మొదలుపెట్టారు. ముసలామె చెయ్యి వెనక్కి లాక్కుంది. నొప్పికి అనుకున్నాం. మాణిక్యమ్మగారు బిడ్డను బుజ్జగించినట్టు బుజ్జగిస్తూనే ఉన్నారు.

"ఇవి తియ్యకపోతే రక్తం ఆడదమ్మా, చెయ్యి చెడిపోద్ది. నీ ముంజేతి గాజులు నేను ముట్టుకోను, నాకు తెలవదా? పుణ్యస్త్రీవి. ఇవి వంకీల్లాంటివేగా, వాపు తగ్గినాక మళ్ళీ ఏసుకుందువు."

నిజంగానే ఆ ముంజేతి గాజులకు సబ్బు చుక్క తగలకుండా చూసుకున్నారు. ఆమె జాగ్రత్త చూసి నాకు ముచ్చటేసింది. ఎడమ చెయ్యి అయ్యాక, జత విడిపోకూడదని కుడి మోచేతివి కూడా తీశారు.

అప్పుడు ముసలామె మాణిక్యమ్మగారి ముఖంలోకి చూసి తన భాషలో ఏదో అడిగింది. చిన్న మాటే. మాణిక్యమ్మగారు ఆమె బుగ్గ నిమిరి, "అవునమ్మా, అవును" అని తల ఊపారు. ముసలామె కాసేపు అలాగే చూసింది. తర్వాత చెంపల మీది వెండి బిళ్ళలు తానే విప్పి, ఆ గాజుల పక్కన పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది.

"నన్ను నమ్మి నగలన్నీ దాచమని ఇచ్చింది, పిచ్చితల్లి" అని మాణిక్యమ్మగారు కళ్ళు తుడుచుకుని, వాటిని ఒక గుడ్డలో మూటగట్టారు. ఆ రాత్రి ముసలామె అన్నం ముట్టలేదు. అలసిపోయి ఉంటుందిలే అనుకున్నాం.

దారిలో

పొద్దున మాణిక్యమ్మగారు మూట నా చేతికిచ్చి, "సూర్యాపేటకే పోతున్నవుగా బాబూ, ఈమెను దవాఖానాలో ఆమె మొగుడికాడ దించు. నీకు పుణ్యముంటది" అన్నారు. తోవలో తినడానికి ఇద్దరికీ రొట్టెలు కట్టి ఇచ్చారు. నా రొట్టెలు నేను తిన్నాను. ముసలామె తనవి ముట్టలేదు. బెల్లం ముక్క ఇస్తే చేతిలో పెట్టుకుని కూర్చుంది. అది కరిగి వేళ్ళకు అంటుకుంది గానీ నోటికి పోలేదు. నీళ్ళు ఇస్తే తల అడ్డంగా ఊపింది. అప్పటికి నాకు కాస్త భయం మొదలైంది. ఎండలు ముదురుతున్నాయి. ఆ వయసు మనిషి నీళ్ళు కూడా తాగకపోతే ఎంతసేపు నిలుస్తుంది? ఎలాగైనా ఊపిరుండగా ఈమెను మొగుడి కళ్ళ ముందు నిలబెట్టాలన్నదే నాకు పెద్ద పని అయి కూర్చుంది. బోర్డు సంగతి రెండోది.

మోతె దరిదాపుల్లో చౌకీ దగ్గర బస్సు ఆపారు. ఒక సిపాయి నా సంచి విప్పి ఎర్రరంగు డబ్బా పైకెత్తాడు. మీకు తెలుసుగా, కమ్యూనిస్టుల వేట సాగుతున్న ఆ రోజుల్లో ఆ దారిలో ఎర్రరంగుతో దొరకడమంటే కోరి తంటా తెచ్చుకోవడమే. అతనిది ఏ దేశమో, అతని మాట నాకు తెలియదు, నా మాట అతనికి తెలియదు. నేను కుంచె తీసి డబ్బా మూత మీద చక్కగా "శ్రీ" రాసి చూపించాను. అతను ముఖం ఇంకా గంటు పెట్టుకున్నాడు. ఏం నినాదం రాశానని అనుకున్నాడో. ఇక లాభం లేదని దాని పక్కనే ఒక రామచిలుకను గీశాను. రెక్క పూర్తయ్యేసరికి అతను నవ్వాడు. ఆ మూత తాను ఉంచేసుకుని నన్ను వదిలేశాడు. మూత లేని డబ్బాను ఒళ్ళో పెట్టుకుని సూర్యాపేట దాకా వెళ్ళేసరికి నా పంచె పెళ్ళికొడుకు పంచెలా తయారైంది.

సూర్యాపేట

బస్సు దిగినచోట రోడ్డు పని జరుగుతోంది. కంకర గంపలు మోస్తున్నవాళ్ళలో ఒక లంబాడీ ఆమె మమ్మల్ని చూసి, గంప దించి, గబగబా వచ్చింది. వచ్చి ముసలామెను కౌగలించుకుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి, రాగం తీసి ఏడవడం మొదలుపెట్టారు. పాటలా సాగే ఏడుపు. చుట్టాలు కలిశారు, గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. మావైపు చుట్టాలు కలిస్తే ముందు కాళ్ళకు నీళ్ళిస్తారు, వీళ్ళలో ముందు ఏడుపు. ఆడవాళ్ళు కలుసుకుంటే అలాగే పలకరించుకుంటారని తర్వాత తెలిసింది.

ఆమె పేరు చాందీ. ఏడుపు ఆపి నావైపు తిరిగింది.

"ముసలాయన పోయి ఎన్నొద్దులయిందయ్యా?"

"పోవడమేమిటి? ఇక్కడే దవాఖానాలో ఉన్నాడు. ఈమెను అక్కడికే తీసుకెళ్తున్నాను."

"బతికున్నడా? మరి గాజులు ఎవలు తీసిండ్రు?"

వాపు సంగతీ సబ్బు సంగతీ చెప్పాను. చాందీ తన రవిక చెయ్యి పైకి లాగి, మోచేతి పైనున్న గాజులు చూపించింది.

"ముంజేతియి పెండ్లిగాని పోరీలు గూడ ఏస్కుంటరు. గివి సూడు, గీడ ఉండేటియి మొగడు ఉన్నన్నాళ్ళే ఉంటయి. మొగడు పోయిన్నాడు తీస్తరు. చెంపల మీద ఏలాడేటియి గూడ అంతే."

ముసలామెతో మళ్ళీ ఏదో మాట్లాడింది. తర్వాత నెమ్మదిగా అంది.

"కోదాడల అమ్మ గాజులు తీస్తుంటె, మా ముసలాయన పోయిండా అని అడిగిందంట. అమ్మ అవునని తల ఊపిందంట. గప్పటిసంది తాను ముండమోసిన్ననే అనుకుంటున్నది. ఆయన పోయినంక తిండి ఎందుకని తింటలేదు."

మావైపు మెడ చూస్తాం, ముంజెయ్యి చూస్తాం. వాళ్ళు మోచేతి పైన చూస్తారు. మాణిక్యమ్మగారు మన గాజుల మర్యాద అణువంతైనా తప్పకుండా కాపాడుతూ, ఒక్క మాట మాట్లాడకుండా ఆ ముసలామెకు మొగుడి చావు కబురు చెప్పేశారు. ఆమె మంచితనంలో నాకు ఇప్పటికీ వంక కనిపించదు. తిరుగు ప్రయాణంలో ఈ సంగతి చెబితే, "ముంజేతివి ముట్టుకోలేదయ్యా, ఒక్కటీ ముట్టుకోలేదు" అంటూ కూలబడి ఏడ్చారు. ఆమెను ఓదార్చడానికి నాకు ఒక పూట పట్టింది.

చాందీ ఆ రోజు కూలి వదులుకుని మాతో దవాఖానాకు వచ్చింది. అక్కడ కాంపౌండరు రిజిస్టరు తిప్పి, "కోదాడ నుంచి వచ్చిన ముసలోడు, రూప్లానా? పొద్దుగాలనే పోయిండు. నిన్న పన్నడు, లేసిండు, గంజి తాగిండు. నీ ఔరత్ మిర్యాలగూడ బండి ఎక్కి ఇంటికి పోయిందని ఎవడో లారీ క్లీనర్ చెప్పిండట, ఇగ ఆగితేనా" అని మంచంవైపు చూపించాడు. దుప్పటి తీసేసి, చుట్టిన చాప ఒకటి పైన పెట్టిన ఖాళీ మంచం. ముసలామె దాని దగ్గరికి వెళ్ళి, నులక మీద చెయ్యి వేసి నిలబడింది. చాందీ ఎంత చెప్పినా ఆ చెయ్యి తీయలేదు.

"నమ్ముతలేదయ్యా. నువ్వు నన్ను ఊకుంచనీకి చెప్తున్నవు అంటది. గాజులు తీసిండ్రు, మంచం ఖాళీ చేసిండ్రు, ఇగ నోటితోని ఏం చెప్పినా ఏం ఫాయిదా అంటది."

"అయితే ఆ గాజులు మళ్ళీ తొడిగెయ్. అప్పుడు నమ్ముతుంది" అన్నాను మూట విప్పుతూ.

చాందీ రెండడుగులు వెనక్కి వేసింది. "నేను తొడగరాదు. తీసినయి మళ్ల తొడిగే కాయిదా మాలో లేదు. ఆయన కంటికి కనపడాలె, గంతే."

షావుకారు దగ్గరికి వెళ్ళి, బోర్డు రెండు రోజులు ఆగుతుందా అని భయంభయంగా అడిగాను. ఆయన పెద్ద గొంతు మనిషి. నా ఎర్ర పంచె, నా వెనక ఇద్దరాడవాళ్ళు, అంతా చూశాడు. విన్నాడు.

"బోర్డు ఏడికి పోతది? నా దుకాణంకొచ్చేటోళ్ళకు ఉర్దూ రాదు, తెలుగు రాదు. వాకిట్ల వేలాడే ఎర్రగొడుగును సూసి వస్తరు. నీ బోర్డు నా సంతోషానికి. ముసల్ది మాత్రం ఆగదు. పో, ముందుగాల గా పని చెయ్."

అలా అని ఊరుకోలేదు. మిర్యాలగూడకు ఆముదాల బస్తాలు వేసుకుని పోతున్న లారీని ఆపి, మా ముగ్గురినీ ఎక్కించి, కిరాయి అడగవద్దని డ్రైవరుకు గట్టిగా చెప్పి, చాందీకి దారిలో తినమని అటుకులు కట్టించాడు. తన కూలి సంగతేమిటని చాందీని నేనడిగితే, "మా తండా మనిషి కాకుంటే ఏంది, మా మనిషే గదా" అని బస్తాల మీద ముసలామె తల తన ఒళ్ళో పెట్టుకుంది. ఇంత మంచివాళ్ళు ఒకే రోజు వరసగా ఎదురుపడడం నా జన్మలో అదే మొదటిసారి.

మిర్యాలగూడ

మూసీ ఇసుకలో లారీ కూరుకుపోయింది. క్లీనరు, నేను, దారినపోయే బండివాళ్ళు కలిసి నెట్టాం. నదికి వచ్చిన ఆడవాళ్ళు ముసలామె పెదవులు తడిగుడ్డతో తడిపారు. తాగించడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. కళ్ళు మూసుకునే ఉంది. చాందీ ఆమె చెవి దగ్గర ఏదో చెబుతూనే ఉంది. రూప్లా బతికే ఉన్నాడని ఎన్ని రకాలుగా చెప్పవచ్చో అన్ని రకాలుగా చెప్పి ఉంటుంది. నాకు వాళ్ళ భాష రాకపోయినా, ఆ పేరు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మధ్యాహ్నం దాటేసరికి చాందీ గొంతు కూడా బొంగురుపోయింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మొగుడు బతికుండగా, మొగుడు పోయాడన్న దిగులుతో ఒక మనిషి నా కళ్ళ ముందే పోతుందేమోనని.

ఊరు ఇంకా కాస్త దూరం ఉందనగా చాందీ బస్తాల మీద లేచి నిలబడింది. రోడ్డు పక్క రాళ్ళగుట్ట మీద ఒక ముసలాయన పొడుగాటి కట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. కట్టె చివర ఎర్ర తలపాగా కట్టి ఉంది. ఇంట్లో ఆమె కనపడకపోయేసరికి మళ్ళీ రోడ్డు మీదికి వచ్చి, వచ్చేపోయే బండ్లకు కనిపించాలని అప్పటినుంచీ అలాగే ఎత్తి పట్టుకున్నాడట. ఆ ఊళ్ళోనూ ఏ బోర్డు మీద ఏం రాసి ఉందో ఆయనకు తెలియదు. ఆమెకూ తెలియదు. తన తలపాగా అయితే ఆమె గుర్తుపడుతుందని ఆయన లెక్క.

లారీ ఆగింది. నేనూ చాందీ కలిసి ముసలామెను దించాం. ఆమె తల వంచుకునే ఉంది. రూప్లా గుట్ట దిగి పరుగున వచ్చి, అల్లంత దూరంలో టక్కున ఆగిపోయాడు. ఆయన ఆమె కళ్ళలోకి చూడలేదు. ఆమె చేతుల కేసి చూశాడు. బోసి చెంపలు చూశాడు. ఆమెను ఏదో అడిగాడు.

చాందీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. "మనింట్ల ఎవరు పోయిండ్రే అని అడుగుతున్నడయ్యా."

ఆ గొంతుకు ముసలామె తలెత్తింది. చాలాసేపు చూసింది. దగ్గరికి వెళ్ళి, వాపు లేని చేతిని ఆయన ఛాతీ మీద పెట్టి అలాగే ఉంచింది. ఆయన ఊపిరి తీస్తుంటే ఆ చెయ్యి కదులుతోంది. కదులుతోందని ఆమెకు నమ్మకం కుదిరాక, అదే చేత్తో ఆయన భుజం మీద గట్టిగా ఒకటి వేసింది. అప్పుడు ఏడ్చింది. ఇది పాటలాంటి ఏడుపు కాదు.

నేను గాజుల మూట విప్పి రూప్లా చేతికిచ్చాను. ఆయనకు తెలుగు బాగానే వచ్చు, ఎడ్ల సంతల్లో తిరిగిన మనిషి. జరిగింది విన్నాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. "కోదాడ అమ్మ నా ఇంటిదాని సేతికి నూనె రాసింది గదా, సల్లగుండాలె" అన్నాడు. రోడ్డు పక్కనే కూర్చుని ఆమె ఎడమ చెయ్యి ఒళ్ళోకి తీసుకుని గాజు ఎక్కించబోయాడు. చెయ్యి ఇంకా వాచే ఉంది, మోచెయ్యి దాటలేదు. రెండోసారి ప్రయత్నిస్తే ఆమె ముఖం నొప్పికి ముడుచుకుంది. ఆయన గాజు కింద పెట్టి, కట్టె చివరి తలపాగా విప్పి, అంచు పళ్ళతో కొరికి, రెండు పేలికలు చించాడు. గాజులుండే జాగాలోనే, జత విడిపోకుండా రెండు మోచేతుల పైనా, రక్తం ఆడేటట్టు వదులుగా ముడివేశాడు.

"ఇలా కట్టొచ్చా? మీలో ఉందా?" అని చాందీని మెల్లగా అడిగాను.

"లేకుండె. ఇయ్యాల్టి నుంచి ఉన్నది" అంది చాందీ.

లారీ డ్రైవరు తన సద్దిమూట విప్పి మా మధ్య పెట్టాడు. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయల తొక్కు. రూప్లా ముందు ఆమెతో నీళ్ళు తాగించాడు. తర్వాత రొట్టె తుంచి ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె ఒక ముక్క నమిలింది, ఇంకోటి నమిలింది, తర్వాత ఆయన చేతిలోంచి రొట్టె మొత్తం లాక్కుని తనే తినడం మొదలుపెట్టింది. డ్రైవరు హారను మోగించకుండా చక్రానికి ఆనుకుని నిలబడ్డాడు. అక్కడున్న ప్రతి ఒక్కరికీ, లేని మాణిక్యమ్మగారికీ, షావుకారుకూ మనసులోనే చేతులెత్తి మొక్కాను. రొట్టె అయిపోయింది. ముసలామె కొంగుతో మూతి తుడుచుకుని, ఎర్ర గుడ్డ కట్టిన చెయ్యి రెండో రొట్టెకు చాచింది.